కిందికి దించిన స్పిట్‌ఫైర్ కారుకు మళ్లీ ఎత్తు కుదిర్చిన ఎనిమిది వారాలు: నా అనుభవం

2024 నవంబరు 3, ఆదివారం పొద్దున. తిరుపతిలో మా వీధి మలుపు దగ్గర కొత్తగా వేసిన స్పీడ్ బ్రేకరు మీద కారు కూర్చుండిపోయింది. ముందు చక్రాలు దాటాయి, వెనకవి దాటలేదు. సైలెన్సరు పైపు సిమెంటుకు ఆనుకుంది. పాల ప్యాకెట్లు తీసుకుపోతున్న ఇద్దరు కుర్రాళ్లు వెనక పట్టుకుని ఎత్తితేగానీ కదల్లేదు. ఇంటికి తెచ్చి షెడ్డుకు తాళం వేస్తూ అనుకున్నాను, ఈ ఎత్తు సంగతి తేల్చేదాకా దీన్ని మళ్లీ రోడ్డు మీదికి తీయకూడదని.

తేలేసరికి డిసెంబరు 29 అయింది. ఎనిమిది వారాలు, 96,400 రూపాయలు. నా బస్సు ఛార్జీలు అందులో కలపలేదు. కిందికి దించిన పాత స్పోర్ట్స్ కారు ఎవరి చేతికైనా వచ్చి ఉంటే, దాన్ని సరిచేయడంలో ఏమేం ఎదురవుతాయో ముందే తెలియాలని ఇదంతా రాస్తున్నాను. నాకు చెప్పినవాళ్లు లేక మొదటి రెండు వారాలు, కొంత డబ్బు వృథా అయ్యాయి.

కారు 1969 నాటి ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ మార్క్ 3. మా మేనమామది. ఆయన చెన్నైలో ఉండేవారు. 2009లో ఎవరో చెప్పిన మాట విని, కారు నేలకు దగ్గరగా ఉంటే అందంగా ఉంటుందని అక్కడే ఒక షెడ్డులో ఇచ్చి దింపించారు. ముందు స్ప్రింగులను రెండేసి చుట్లు కోసేశారు. వెనక కమాను (ఉక్కు పట్టీల స్ప్రింగు) కింద ఇనుప దిమ్మ పెట్టారు. చూడ్డానికి నిజంగానే బాగుండేది, ఆ వాలకం నాకూ ఇష్టమే. కానీ అప్పటినుంచి అత్త ఆ కారు ఎక్కడం మానేసింది, నడుం పట్టేస్తోందని. ఇంకో నాలుగైదేళ్లకు మామ కూడా నడపడం తగ్గించేశారు. 2022లో ఆయన పోయాక అత్త ఫోన్ చేసి, "నువ్వే తీసుకుపో నాయనా, ఇక్కడ పెడితే తుప్పు పట్టిపోతుంది" అంది. తెచ్చుకున్నాను.

ఈ కారు వెనక భాగం ఎలా పనిచేస్తుందో తెలియకపోతే మిగతా కథ అర్థం కాదు. వెనక అడ్డంగా ఒకే కమాను ఉంటుంది. దాని నడుమును డిఫరెన్షియల్ (ఇంజను శక్తిని రెండు వెనక చక్రాలకూ పంచే గేర్ల పెట్టె) మీద బిగిస్తారు, రెండు కొనలూ రెండు చక్రాలను పట్టుకుంటాయి. ఇరుసులు పక్షి రెక్కల్లా పైకీ కిందికీ ఊగుతాయి. అందుకని ఎత్తు మారితే చక్రం వాలు కూడా మారుతుంది. కారు దిగితే చక్రాల పైభాగం లోపలికి వాలుతుంది. కారు లేస్తే చక్రాల కిందిభాగం లోపలికి మడుచుకుంటుంది. మలుపులో అలా మడుచుకుంటే వెనక భాగం ఒక్కసారిగా జారిపోతుంది, అది ప్రాణం మీదికొచ్చే సంగతి. కాబట్టి కారు పొట్ట తగులుతోంది కదా అని ఇష్టమొచ్చినంత లేపడానికీ లేదు.

నవంబరు 6న తిరుపతిలోనే ఒక షెడ్డుకు ఇచ్చాను. వాళ్లు ముందు స్ప్రింగుల మీద ఆరు మిల్లీమీటర్ల అల్యూమినియం రింగులు వేసి, బుష్‌లు (కీళ్ల దగ్గర ఉండే రబ్బర్లు) మార్చి, 8వ తేదీకి ఇచ్చేశారు. 4,500 తీసుకున్నారు. ఇంటికొచ్చి టేపు పెట్టి చూస్తే ముందు భాగం 24 మి.మీ. లేచింది. ఆ రాత్రి ఎంత సంతోషంగా పడుకున్నానో చెప్పలేను. వారం తిరిగేసరికి అందులో 13 మి.మీ. పోయింది. గుంటలో పడ్డప్పుడల్లా ఎడమవైపు టక్కుమని చప్పుడు మొదలైంది. ఆరు మి.మీ. రింగుకు 24 మి.మీ. ఎలా లేచింది, మళ్లీ ఎందుకు దిగింది అని అడిగితే, పాత బండి సార్, అంతే అన్నారు. ఆ జవాబుతో నాకు కోపంకన్నా దిగులే ఎక్కువ వచ్చింది.

చిత్తూరులో హెరాల్డు కార్లు చేసిన పెద్దాయన ఒకరున్నారని మా కొలీగ్ చెప్పాడు. స్పిట్‌ఫైర్ తయారైందే హెరాల్డు ఛాసిస్‌ను పొట్టి చేసి. ముందూ వెనకా సస్పెన్షన్ రెండు కార్లకూ ఒకటే తీరు. ఆ హెరాల్డును 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రాడక్ట్స్ వాళ్లు తయారుచేశారు కాబట్టి, మన దగ్గర ఈ కారు తెలిసిన చేతులంటూ ఉంటే అవి హెరాల్డు మేస్త్రీల చేతులే. ఈయనకు 72 ఏళ్లు. ఫోన్లో నా మాటలన్నీ విని ఒకటే అడిగారు: "రబ్బర్లు బిగించేటప్పుడు చక్రాలు నేల మీద ఉన్నాయా, గాల్లో ఉన్నాయా?" నాకు తెలియదన్నాను. "ముందు తీసుకురా సామీ" అన్నారు.

నవంబరు 16న తీసుకెళ్లాను. ఇంత కింద ఉన్న కారును టోయింగ్ లారీ మీదికి ఎక్కించడం వేరే పెద్ద పని. వాలు బల్లకు ముందు బంపరు కాదు, సైలెన్సరు తగులుతుంది. ఇంట్లో ఉన్న సెంట్రింగు చెక్కలు నాలుగు బల్ల కింద వేసి వాలు తగ్గిస్తేగానీ ఎక్కలేదు, దానికే గంటన్నర పట్టింది. చిత్తూరుకు 5,500 అయింది. మీరు ఇలా తీసుకెళ్లాల్సి వస్తే చెక్కలు మీరే పట్టుకెళ్లండి, లారీవాళ్ల దగ్గర ఉండవు.

మేస్త్రీ పానా ముట్టుకోలేదు. ముందు మడ్‌గార్డు మీద రెండు అరచేతులూ ఆనించి గట్టిగా నొక్కారు. కారు కదల్లేదు. వెనక్కి వెళ్లి అలాగే నొక్కారు. అక్కడా కదల్లేదు. "ఇది స్ప్రింగు మీద లేదు సామీ. రబ్బరు స్టాపరు మీద కూచోనుండాది. పదిహేనేండ్లుగా మీకు సస్పెన్షనే లేదు" అన్నారు. స్ప్రింగు పూర్తిగా నొక్కుకుపోయినప్పుడు ఇనుముకు ఇనుము తగలకుండా ఆపే రబ్బరు ముక్కే స్టాపరు. అత్త నడుం నొప్పి గుర్తొచ్చింది. మామ ఎవరికీ చెప్పుకోకుండా నడపడం మానేసింది గుర్తొచ్చింది. కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను.

టప్పున చప్పుడొచ్చే బుష్ విప్పి చూపించారు. రబ్బరు ఒకవైపు మెలితిరిగి, చీలిపోయి ఉంది, పది రోజుల కిందట వేసిన కొత్త బుష్. ఈ కార్లలో బుష్‌లోని ఇనుప గొట్టం బోల్టు బిగించగానే కదలకుండా పట్టేస్తుంది, ఆపైన రబ్బరే మెలితిరుగుతూ పనిచేస్తుంది. చక్రం గాల్లో వేలాడుతున్నప్పుడు బిగిస్తే రబ్బరు ఆ వేలాడే స్థితినే తన అసలు స్థితిగా పట్టుకుంటుంది. కారు నేల మీదికి దించగానే మెలిపడి, స్ప్రింగులా కారును పైకి తోస్తుంది. నాకు మొదటి రోజు కనిపించిన 24 మి.మీ.లో సగానికి పైగా ఆ మెలి తెచ్చిందే. రబ్బరు అలిసి చీలేకొద్దీ కారు దిగింది. టేపు నాకు సరిగ్గానే చూపించింది, కానీ నేను కొలిచింది ఎత్తు కాదు.

వెనక కమాను నట్లు అందాలంటే సీట్ల వెనక కార్పెట్టు కింద ఒక రేకు మూత విప్పాలి. ఆ సంగతి తెలియని వాళ్లు కింద పడుకుని గంటలకొద్దీ వెతుకుతారు. మా కారులో కార్పెట్టును గమ్‌తో అంటించేశారు, ఊడదీయడానికే ఒక పూట పట్టింది. మూత తీశాక మేస్త్రీ నన్ను పిలిచి వేలుతో చూపించారు. దిమ్మ పెట్టడానికి అసలు స్టడ్లు (కమానును బిగించే, తల లేని బోల్టులు) పొడవు చాలక, వాటి స్థానంలో మామూలు మరల కడ్డీ ముక్కలు కోసి వేశారు. ఒకదాన్ని ఆయన రెండు వేళ్లతో పట్టుకుని తిప్పితే చేతికే వచ్చేసింది. మర అంతా వెండిలా మెరుస్తోంది, పళ్లు అరిగిపోయి. వెనక చక్రాలు రెండింటినీ పట్టుకున్న కమాను ఆ కడ్డీల మీద ఆధారపడి ఉంది. ఆ ముక్కను ఇంటికి తెచ్చుకుని బీరువాలో పెట్టాను.

దిమ్మ మందం ఒకటిన్నర అంగుళం. దాని మీద కమాను కూడా వయసుతో వంపు పోయి చదునుబడింది, డ్రైవరు వైపు మరీ ఎక్కువ. రెండూ కలిసి కారును స్టాపరు మీద కూర్చోబెట్టాయి. ఆ రోజే చక్రాల వాలు కొలిచాం. ఆన్‌లైన్లో 1,150కి కొన్న డిజిటల్ కోణమానం అది. ఎడమ వెనక నెగటివ్ నాలుగు డిగ్రీలు, అంటే చక్రం పైభాగం అంత లోపలికి వాలి ఉంది, కుడి వెనక ఐదు. టైర్ల లోపలి అంచులు ఎందుకు తినేస్తున్నాయో అప్పుడు తెలిసింది.

ఇక ఎదురుచూపులు. నవంబరు 18న ఇంగ్లండు నుంచి ముందు జత షాకబ్జర్లు, స్ప్రింగులు ఆర్డరు పెట్టాను. స్ప్రింగు కూర్చునే పళ్లెం మర మీద పైకీ కిందికీ తిరిగే రకం, దాంతో ఎత్తు మార్చుకోవచ్చు. మూడు లక్షలకు పైగా తయారైన కారు కావడంతో ఇప్పటికీ సామాను దొరుకుతుంది. పార్శిల్ ఖర్చుతో 38,600. 26వ తేదీకే చెన్నై చేరిందని మెసేజ్ వచ్చింది. అక్కడ కస్టమ్స్‌లో పదమూడు రోజులు ఆగింది. ఒకసారి ఇన్‌వాయిస్ అడిగారు, ఒకసారి ఆధార్, ఇంకోసారి ఈ వస్తువు దేనికి వాడతారో రాసిమ్మన్నారు. చివరికి 14,900 డ్యూటీ కట్టాక డిసెంబరు 10న ఇంటికొచ్చింది. రోజుకు పదిసార్లు ట్రాకింగ్ చూసేవాణ్ని. మా ఆవిడ ఓపిగ్గా, "వస్తుందిలే, సముద్రాలు దాటి వచ్చింది, ఈ నూట నలభై కిలోమీటర్లు రాదా" అనేది.

ఈలోగా కమాను పని. చిత్తూరులోనే లారీ కమాన్లు కట్టే షాపులో 19న ఇచ్చాం. రెండు రోజులన్నారు, పది రోజులైంది. నేను వెళ్లిన రెండుసార్లూ గుమ్మం ముందు లారీలు వరసగా నిలబడి ఉన్నాయి, వాళ్లకు అది పొట్టకూటి పని, నాది కాదు, కాబట్టి తొందరపెట్టలేదు. పనిచేసేటప్పుడు మాత్రం పక్కనే నిలబడి చూశాను. పట్టీలను విడదీసి, ఒక్కోదాన్ని దాగలి మీద పెట్టి, కాల్చకుండా చల్లగానే, అంగుళం అంగుళం జరుపుతూ సుత్తితో కొట్టాడు. ప్రతి నాలుగు దెబ్బలకూ నేల మీద సుద్దతో గీసిన వంపు మీద పెట్టి సరిచూసుకునేవాడు. కుడి సగానికి మూడు మి.మీ. ఎక్కువ వంపు పెట్టమని మేస్త్రీ చెప్పారు. 3,200 అయింది. లేత్ షాపులో గట్టి ఉక్కుతో కొత్త స్టడ్లు, 12 మి.మీ. మందం పలచటి దిమ్మ చేయించడానికి 2,800. మళ్లీ అన్నీ కొత్త రబ్బరు బుష్‌లకు 6,400.

డిసెంబరు మొదటి రోజుల్లో ఫెంగల్ తుఫాను వాన. పని జరగలేదు. ఒక మధ్యాహ్నం గొడుగేసుకుని షెడ్డుకు వెళితే మేస్త్రీ స్టూలు మీద కూర్చుని నేలనే చూస్తున్నారు. పైనుంచి కారిన నీళ్లన్నీ షెడ్డు వెనక కుడి మూలకు పారుతున్నాయి. "చూసినావా, నేల యాడికి వాలుండాదో వానే చెప్తా ఉండాది. రేపు మనం కొలిచేటప్పుడు ఇది అడ్డమొస్తాది" అన్నారు. నేను అప్పటిదాకా ఆ నేల చదునుగానే ఉందనుకున్నాను, కంటికి అలాగే కనిపిస్తుంది.

డిసెంబరు 14, శనివారం అన్నీ బిగించాం. బిగించాం అంటే బోల్టులు దూర్చి, నట్లు వేలితో తిప్పి వదిలేశాం, ఒక్కటి కూడా పానాతో బిగించలేదు. ముందు చక్రాల దగ్గర కిందుండే ఇత్తడిలాంటి ట్రనియన్‌లో (చక్రం పక్కకు తిరిగే మరల కీలు అది) గ్రీజు కాకుండా ఈపీ 90 గేరు ఆయిలు పోశారు. గ్రీజు కొడితే అది మరల్లోకి వెళ్లక తుప్పు పట్టి ఒకరోజు చక్రం మడుచుకుపోతుందట, హెరాల్డు కాలంలో కళ్లారా చూశానన్నారు.

ఆదివారం పొద్దున ఇల్లు కట్టే మేస్త్రీ ఒకాయన లెవల్ ట్యూబు తెచ్చారు. పారదర్శకమైన గొట్టం, లోపల నీళ్లు. దాంట్లో ఒక్క గాలి బుడగ ఉన్నా లెక్క తప్పుతుందని గొట్టమంతా వేలితో కొట్టుకుంటూ బుడగలు పోగొట్టారు. నాలుగు చక్రాలు నిలబడే చోట్లు కొలిస్తే ఎడమ ముందు చోటుకన్నా కుడి ముందు 4 మి.మీ., ఎడమ వెనక 9, కుడి వెనక 13 మి.మీ. పల్లంగా ఉన్నాయి. ఫ్లోరింగు పనిలో మిగిలిన టైలు ముక్కలు, రెక్సిన్ ముక్కలు పేర్చి నాలుగూ సమం చేశాం. ట్యూబు, టైళ్లు, చిల్లర సామాను, కోణమానం కలిపి 1,900.

తర్వాత బరువులు. కారులో మనిషి లేకుండా కొలిచిన ఎత్తు ఎందుకూ పనికిరాదు, ఇంత తేలిక కారులో డ్రైవరు బరువే మొత్తంలో పదో వంతు. గంటలకొద్దీ నేను లోపల కూర్చోలేను కాబట్టి ఇంటినుంచి 26 కిలోల బియ్యం బస్తాలు మూడు తీసుకెళ్లాను. రెండు డ్రైవరు సీటులో, ఒకటి కాళ్లు పెట్టుకునే చోట. మొత్తం 78 కిలోలు, నా బరువు 76. పెట్రోలు ట్యాంకు సగం. టైర్లలో గాలి ముందు 21, వెనక 26. టేపును నేల నుంచి పెట్టకుండా, హబ్బు (చక్రం నడిమి భాగం) మధ్యనుంచి నిట్టనిలువుగా మడ్‌గార్డు అంచు దాకా పెట్టాం. అలా అయితే టైరు అరుగుదల, గాలి తేడా కొలతలోకి రావు.

జాకీ దించి కొలిస్తే ముందు 325, వెనక 347. నేను కాగితం మీద రాసుకుంటుంటే మేస్త్రీ చెయ్యి అడ్డం పెట్టారు. "ఇది లెక్క కాదు. జాకీ దించినాక చక్రాలు లోపలికి మడుచుకోనే ఉంటాయి. టైరు పక్కకి జరగల్ల, అప్పుడే బండి కూచుంటాది" అన్నారు. నిజమే, వెనక చక్రాలు కప్పకాళ్లలా కనిపిస్తున్నాయి. మామూలుగా అయితే కారును ముందుకూ వెనక్కూ పది అడుగులు తోసి మళ్లీ తెస్తారు. మేం టైళ్ల మీద ఉన్నాం, తోయలేం. దానికి ఆయన దగ్గర ఉపాయం ఉంది. ప్రతి చక్రం కింద రెండు నున్నటి టైళ్లు, నునుపు వైపులు ఎదురెదురుగా, మధ్యలో గ్రీజు. జాకీ మెల్లగా దించుతుంటే టైరు బరువు పడేకొద్దీ పై టైలు కింది టైలు మీద బయటికి జారింది. నేను వంగి చూస్తున్నాను. చప్పుడే లేదు, గ్రీజు మాత్రం అంచులనుంచి సన్నగా పొర్లుతూ బయటికొచ్చింది, చక్రం నిలువుగా లేచి నిలబడింది. నాలుగు మూలలా నొక్కి ఊపి మళ్లీ కొలిస్తే ముందు ఎడమ 316, కుడి 314, వెనక ఎడమ 326, కుడి 323. వెనక వాలు రెండువైపులా నెగటివ్ ఒకటిన్నర డిగ్రీ. కారు వచ్చిన రోజు ఇదే చోట ముందు 296, 287, వెనక 301, 289 ఉండేవి. మడ్‌గార్డు మీద చెయ్యి పెట్టి నొక్కాను. దిగింది, లేచింది. పదిహేనేళ్ల తర్వాత ఆ కారు ఊపిరి పీల్చుకున్నట్టు అనిపించింది, కళ్లు చెమర్చాయి.

అక్కడితో అయిపోయిందనుకుని నేనొక పొరపాటు చేశాను. ముందు డ్రైవరు వైపు రెండు మి.మీ. తక్కువగా ఉందని, కొక్కెంలాంటి పానాతో పళ్లేన్ని తిప్పి ఆ వైపు లేపాను. పళ్లెం ఐదు మి.మీ. జరిగితే కారు ఎనిమిది దాకా కదులుతుంది, స్ప్రింగు చక్రానికి దూరంగా లోపలివైపు ఉంటుంది కాబట్టి. తిప్పడం ఎక్కువై ఎడమ 313, కుడి 317 అయింది. నాలుగు మి.మీ.కు ఏముందిలే అనుకున్నాను. మేస్త్రీ యాంటీ రోల్ బారు (మలుపులో కారు ఒరిగిపోకుండా ముందు రెండు చక్రాలనూ కలిపే కడ్డీ) లింకు బోల్టు తీసి మళ్లీ దూర్చబోతే దూరలేదు, సుత్తితో కొట్టాల్సి వచ్చింది. "బోల్టు కొట్టి దూర్చాల్సి వస్తే బండి మెలితిరిగి ఉన్నట్టే. ఎత్తు కాదు, బరువు చూడల్ల" అని పని ఆపేశారు. ఆ బారు లింకు విప్పేసి పెట్టమన్నారు, అది తగిలించి ఉంటే కాటా లెక్క కూడా తప్పుతుందట.

బరువు చూడ్డానికి కాటాలు కావాలి, ఒకేసారి నాలుగు. ఆయన అల్లుడికి దామలచెరువు మామిడి మండీలో తెలిసినవాళ్లున్నారు. మే నుంచి జూలై దాకా తోతాపురి సీజనులో ఊపిరాడనివ్వని కాటాలు డిసెంబరులో గోనెసంచుల కింద పడుకుని ఉంటాయి. 300 కిలోల ఎలక్ట్రానిక్ కాటాలు నాలుగు ఒక్క ఆదివారానికి ఇచ్చారు, డబ్బు తీసుకోలేదు. ఆటో బాడుగ 600 మాత్రం నేనిచ్చాను. డిసెంబరు 22న వచ్చాయి. ముందు ఒకే బియ్యం బస్తాను నాలుగు కాటాల మీదా పెట్టి చూశాం. ఒకటి 26.4 చూపించింది, ఒకటి 25.9. ఆ తేడాలు సుద్దతో కాటాల మీదే రాసుకున్నాం. వాటి కింద మళ్లీ ట్యూబుతో మట్టం, పైన గ్రీజు టైళ్లు. టైళ్ల బరువు తీసేశాక వచ్చిన లెక్క ఇది: ముందు ఎడమ 194, ముందు కుడి 230, వెనక ఎడమ 198, వెనక కుడి 190. మొత్తం 812 కిలోలు.

మూలకు మూల కూడితే తెలిసింది. ముందు కుడి, వెనక ఎడమ కలిపి 428. మిగతా రెండు మూలలు 384. కుంటి కుర్చీ రెండు కాళ్ల మీద నిలబడ్డట్టు, కారు ఒక కర్ణం మీద నిలబడి ఉంది. కంటికి సమంగా ఉండాలని నేను లేపిన ఆ నాలుగు మి.మీ. చేసిన పని అది. ఇలా ఉంటే వానలో బ్రేకు కొట్టినప్పుడు తేలికగా ఉన్న చక్రమే మొదట పట్టు వదిలేస్తుంది.

కుడి పళ్లెం కొంచెం దించాం, ఎడమది కాస్త లేపాం, ఊపాం, చూశాం. మళ్లీ తిప్పాం. మధ్యాహ్నం భోజనానికి కూడా లేవలేదు, మేస్త్రీ కోడలు సంగటి, చెనిగ్గింజల చట్నీ షెడ్డులోకే పంపింది. నాలుగు గంటలకు ముందు ఎడమ 204, కుడి 220, వెనక ఎడమ 188, కుడి 200 దగ్గర ఆపాం. కర్ణాలు 408, 404. ఎత్తులు ముందు ఎడమ 316, కుడి 312. టేపుతో చూస్తే నాలుగు మి.మీ. తేడా ఇప్పుడూ ఉంది, అటుది ఇటైంది, అంతే. మేస్త్రీ లింకు బోల్టు నా చేతికిచ్చారు. పెట్టి వేలితో నెట్టాను. మెత్తగా దూరిపోయింది.

అప్పుడు, కారు తన కాళ్ల మీద తాను బియ్యం బస్తాలతో నిలబడి ఉండగా, కింద పడుకుని ఒక్కొక్క బుష్ బోల్టూ బిగించాం. చోటు లేక మోచేతులు గీసుకుపోయాయి. రెండు గంటలు పట్టింది. ఈ పని లిఫ్టు మీద చేయిస్తామని ఎవరైనా అంటే, చక్రాల కింద బరువు ఆనించే లిఫ్టేనా అని అడగండి.

ఎత్తు మారితే చక్రాల దిశ కూడా మారుతుంది. తిరుపతిలో కంప్యూటర్ అలైన్‌మెంట్ చేసే రెండు చోట్ల ఫోన్ చేస్తే మా మెషీన్లో ఈ బండి లేదన్నారు. చిత్తూరులోనే కారుకు రెండువైపులా నాలుగు స్టాండ్ల మధ్య చేపల గాలం దారం బిగించి, దారం నుంచి రిమ్ము అంచులకు స్కేలు పెట్టి కొలిచాం. ముందు ఒక మి.మీ. టో-ఇన్ పెట్టాం, అంటే చక్రాల ముందు అంచులు కొద్దిగా లోపలికి చూసేలా. వెనకది మార్చాలంటే పక్క కడ్డీ బిగించే చోట పలచటి రేకులు తీయాలి లేదా కలపాలి, కుడివైపు రెండు తీశాం. 28వ తేదీ రాత్రి గోడ మీద హెడ్‌లైట్లు వేసి చూస్తే రెండూ చెట్లపైకి కొడుతున్నాయి, ముందు భాగం లేచింది కదా. దాన్నీ దించుకున్నాం. మేస్త్రీ మొత్తం కూలి 18,000 అడిగారు. ఇన్ని రోజుల పనికి అది తక్కువ, ఇంకొంచెం ఇవ్వబోతే తీసుకోలేదు.

డిసెంబరు 29 పొద్దున బయల్దేరాను. కాణిపాకంలో ఆగి పూజ చేయించాను. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించినప్పుడు నాలుగూ ఒక్కసారే చితికాయి. మేస్త్రీ ముందే షాకబ్జర్ కడ్డీకి ఒక ప్లాస్టిక్ టై బిగించి పంపారు, కడ్డీ లోపలికి ఎంతవరకు వెళితే అది అంతవరకు జరిగి అక్కడే ఉండిపోతుంది. పూతలపట్టు, దామలచెరువు, చంద్రగిరి మీదుగా వస్తూ కావాలనే రెండు చెడ్డ గుంటల్లోకి దింపాను. ఇంటికొచ్చి చూస్తే టైకి, స్టాపరుకు మధ్య ఇంకా 19 మి.మీ. మిగిలి ఉంది. మా వీధి మలుపు స్పీడ్ బ్రేకరు దగ్గర రెండో గేరుకు దించి, కొంచెం ఏటవాలుగా ఎక్కించాను. కింద ఏమీ తగల్లేదు.

జనవరి మూడో వారంలో అత్త తిరుమల దర్శనానికి వచ్చింది. స్టేషనుకు ఆ కారులోనే వెళ్లాను. ఎక్కడానికి కాసేపు తటపటాయించింది. శ్రీనివాస సేతు ఫ్లైఓవరు మీద అతుకులు దాటుతుంటే తలుపు పిడి పట్టుకుని కూర్చుంది, అలవాటుగా. దిగేముందు, "ఇది ఇట్లా పోతుందని మీ మామకు తెలియనే లేదు" అంది.

కొత్త స్ప్రింగులు మొదటి ఐదారు వందల కిలోమీటర్లలో కాస్త కూర్చుంటాయని మేస్త్రీ చెప్పారు. జనవరి 26న 610 కిలోమీటర్ల దగ్గర మళ్లీ చిత్తూరు వెళ్లాను, బస్తాలతో సహా. ముందు రెండువైపులా నాలుగేసి మి.మీ. దిగింది, వెనక మూడు. రెండు పళ్లేలూ సమానంగా ఒకటిన్నర చుట్టు తిప్పి పాత కొలతకు తెచ్చాం. లింకు బోల్టు ఇంకోసారి విప్పి వేలితో దూర్చి చూశాం. దూరింది. లాకు రింగులు బిగించి, పళ్లెం మీదా మర మీదా కలిసేలా పసుపు పెయింటుతో ఒక గీత పెట్టారు, జరిగితే తెలియాలని.